ఆపుకూ ఆప్పుకూ నడుమ

లోపల నవ్వుతున్నారు. కుట్లు వేసే గదిలోంచి నవ్వు వినిపిస్తే బయట బెంచీ మీద కూర్చున్నవాడికి ప్రాణం లేచి రావాలి గదా, నాకేమో ఉన్నది కూడా కూలబడుతున్నది, ఎందుకంటే ఆ నవ్వు సరుకు నాది. పుట్టించింది నేను, పంచిపెడుతున్నది మా బావ చెంగల్రాయుడు, అదీ చూపుడువేలు నలిగిపోయి, బల్లమీద చెయ్యి చాపుకొని పడుకొని. తిరువళ్ళూరులో ఈ చిన్న ఆస్పత్రికి ఆటోలో తెచ్చినప్పుడు నర్సమ్మ నివేద ఆయన చేతికి చుట్టిన తువ్వాలు విప్పుతూ ‘ఎప్పడి ఆచ్చు’ అని అడిగింది, ఎట్లా జరిగిందని. నేను నోరు తెరిచాను. తెరవడం నాకు పుట్టుకతో వచ్చింది, మూయడమే ఇంకా పట్టుబడలేదు. కానీ ఈసారి నోరు తెరుచుకునే ఉండిపోయింది, బావే అరవంలో అందుకున్నాడు: తాను తెలుగులో ఆపు అన్నాడట, బామ్మర్ది అరవంలో ఆప్పు అని విన్నాడట, అందుకని ఆపకుండా పానా లాగేశాడట. ఆపు అంటే నిలుపు. ఆప్పు అంటే చీల, కర్ర చీల్చేటప్పుడు సందులో దిగేసే చీల. ప కింద ఇంకో ప పడింది, ఆ రెండు పల నడుమ వేలు పడింది. ఆ పిల్లకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది, అర్థమయ్యాక చేతిలో కత్తెర పక్కన పెట్టి మరీ నవ్వింది, నవ్వినందుకు నొచ్చుకొని ‘సారీ అయ్యా’ అంది, అని మళ్ళీ నవ్వింది. ఇప్పుడు లోపల డాక్టరుకు చెబుతున్నట్టుంది. ఆచ్చు అంటే అరవంలో అయింది అని. అయింది. అచ్చు వేసినట్టు అయింది.

చూడండి, ఇదీ నా రోగం. ఆస్పత్రిలో కూర్చుని ఉన్నాను, తువ్వాలు మీద మరక ఇంకా ఆరలేదు, అయినా ఆచ్చుకు అచ్చు వెతుక్కొచ్చి ముందు పెడుతున్నది నా బుర్ర, కుక్క చెప్పు కరుచుకొచ్చి కాళ్ళ దగ్గర పెట్టినట్టు. ఛీ పో అంటే ఇంకో చెప్పు తెస్తుంది. నా పేరు ఏళుమలై, తెలుగు చేస్తే ఏడుకొండలు, పొట్టిగా పిలిస్తే ఏడు. పేరులోనే ఏడు పెట్టుకొని ఊరినంతా నవ్విస్తాను. పెళ్ళిపత్రికలు అచ్చేసే కొట్టు నాది. అరవ పత్రికలు ఎక్కువ, మనవాళ్ళవి కూడా పిల్లలు చదవలేరని అరవంలోనే వేయించుకుంటారు, ఎప్పుడో ఒక పెద్దాయన పట్టుబడితే తెలుగు. బావదీ అచ్చే. మగ్గం మీద పాత పడుగు అయిపోవస్తుంటే కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటే పాత కొసలకు మెలిపెట్టి అతకాలి, దాన్ని అచ్చు అతకడం అంటారు. బొటనవేలూ చూపుడువేలూ బూడిదలో అద్దుకొని, పోగు మీద పోగు ఆనించి ఒక్క మెలిక, అంతే, ముడి ఉండదు, ఉబ్బు ఉండదు, గుడ్డలో ఎక్కడ అతికిందో కట్టుకున్నావిడకు కూడా తెలియదు. తిరుత్తణి చుట్టుపక్కల మగ్గమున్న ఇంట్లో పడుగు అయిపోయిందంటే బావను పిలుస్తారు. ఆయనది అచ్చు, నాది అచ్చుతప్పు, అని నేనే సభల్లో చెబుతాను, చెబితే ముందు వరసలో కూర్చొని తొడ చరుచుకొని నవ్వేది ఆయనే. చరుచుకునే చెయ్యి కూడా ఇదే, కుడిది.

అక్క నా పక్కనే కూర్చుంది. బావ లోపలికి పోయినప్పటి నుంచీ మునెమ్మ నాతో ఒక్క కోపపు మాట అనలేదు, అనుంటే బాగుండేది. పైగా నా వీపు రాసింది. నీ మీద తప్పేముంది నాయనా, ఆయన నగిరి పక్క మనిషి, ఇన్నేండ్లు ఈడ ఉన్నా ఆపు ఆపు అనే అంటాడు, మనలాగా నిలుపు అనింటే నీకు సరిగ్గా ఇనపడుండు, అంది. ఇదెక్కడి న్యాయం. వేలు పోగొట్టుకున్నవాడి యాసదా తప్పు. తల ఊపాను, ఏ పక్కకు ఊపానో నాకే తెలియదు. అంతలో కాట్టుపల్లి నుంచి నరేష్ ఫోను, అక్క కొడుకు, అక్కడ ఓడలు కట్టేచోట కాంట్రాక్టు పని. వాళ్ళమ్మ ఏడుస్తూనే మొదలుపెట్టి మొత్తం చెప్పింది, ఆపు దగ్గరికీ ఆప్పు దగ్గరికీ వచ్చేసరికి ఏడుపులోనే ఆమెకు కొంచెం నవ్వొచ్చింది, అటుపక్క వాడూ నవ్వాడు, నాకు వినపడింది. ఫోను నాకిమ్మన్నాడు. మామా, నీ చెవులు తమిళ మీడియమా అన్నాడు. చిన్నప్పటి నుంచీ నా దగ్గర నేర్చుకున్న విద్యే. పగలబడి నవ్వాల్సిన మాట. నేను ఊఁ అన్నాను. నువ్వేమీ మనసులో పెట్టుకోవద్దు మామా, నాయనకు కోపం లేదంట, సాయంత్రం బండెక్కి వస్తా, అని పెట్టేశాడు. కాట్టుపల్లి దాకా పోయింది. రేపటికి తిరుత్తణిలో వీధి వీధికీ పోతుంది, ఇక్కడ నా కొట్టుకు వచ్చే ప్రతివాడూ అదే అడుగుతాడు, నేను చెప్పాలి, చెప్పి నవ్వించాలి, నా పట్టికలోకి అదొక మంచి సరుకుగా చేరిపోతుంది. చేరిపోతే ఇక అదే నిజం. అసలుది నాకొక్కడికే తెలుసు.

అసలుది ఏమంటే నేను విన్నాను. ఆపు అనే విన్నాను. ఒకే ప, పక్కా తెలుగు ప.

పొద్దున ఎంత బాగుండింది. బావా అక్కా తిరుత్తణిలో లోకల్ ఎక్కి తిరువళ్ళూరులో మా ఇంటికి టిఫినుకే వచ్చేశారు. మా శోభన ఇడ్లీ పెడితే బావ చట్నీలో కారం తక్కువన్నాడు, కారం తక్కువైతే మా ఆయన మాటలు నంచుకోండి అంది ఆమె. షెడ్డులో బల్లమీద ఇంజిన్, బావ పాత జావా బండిది. పెళ్ళైన కొత్తలో దాని మీద అక్కను ఎక్కించుకొని కొండకు పోయేవాడు, తర్వాత ఆగిపోయింది, ఆగిపోయి పంచలో పాత పడుగుగుడ్డ కప్పుకొని పడి ఉండేది. జావా కదా, తాగేయలేదా ఇంకా, అనేవాణ్ణి. నేనే బాగుచేస్తానన్నాను. టెంపోలో తెస్తుంటే కనకమ్మ సత్రం దగ్గర బండి పక్కకు ఒరిగితే బావ వెనక ఎక్కి, ఇక్కడి దాకా దాన్ని చంటిబిడ్డలాగా వాటేసుకొని వచ్చాడు. ఆదివారమైతే రావడం, ఇద్దరం కలిసి ఒక్కో మర విప్పడం. ఒక్కొక్క మరా విప్పి మరలా బిగించాలి కాబట్టే వాటిని మరలు అంటారని నేను, దానికాయన నవ్వు. నేను చదివింది వీడియోల చదువు, ఆయనకు ఆ బండి కడుపులో ఏ ముక్క ఎక్కడుందో తెలియదు, వేళ్ళు మాత్రం సున్నితం, చిన్న స్ప్రింగుల్నీ వాషర్లనీ ఆయన చేతికే ఇచ్చేవాణ్ణి. ఈ ఆదివారం పెద్ద నట్టు పని. ఎడమ పక్క మూత తీస్తే లోపల రెండు పళ్ళచక్రాలు, ఒకటి చిన్నది ఒకటి పెద్దది, రెంటినీ కలుపుతూ గొలుసు. చిన్నదాని నడుమ నట్టు. దానికి పానా వేసి తిప్పితే నట్టు ఒక్కటే తిరగదు, చక్రం తిరుగుతుంది, గొలుసు తిరుగుతుంది, కడుపులో ఉన్నదంతా తిరుగుతుంది. అందరూ ఒకే పక్కకు తిరిగితే పేచీ ఎట్లా తెగుతుంది. అందుకని ఇంజిన్‌కు తాళం వెయ్యాలి. ఉక్కు ముక్క ఒకటి, రెండు కొసలకూ పళ్ళు, చక్రాల నడుమ దిగేస్తే అటు దాన్నీ ఇటు దాన్నీ కరిచి పట్టుకుంటుంది. పాతకాలంలో స్క్రూడ్రైవరు దూర్చి పళ్ళు విరగ్గొట్టేవాళ్ళు, వేళ్ళు విరగ్గొట్టుకునేవాళ్ళు. ఎవరికీ దెబ్బ తగలకూడదనే ఈ ప్రత్యేకమైన ముక్క చేశారు, నేను నెట్టులో వెతికి తెప్పించాను. నెట్టులో దొరికింది, నట్టుకు పెట్టాలి. దానికి ఆప్పు అని పేరు పెట్టింది కూడా నేనే. అరవంలో ఎవడికన్నా ఆప్పు పెట్టడమంటే వాడి కొంప ముంచడం. బావా, నీ బండికి ఈ పొద్దు ఆప్పు పెడతా ఉండాం అంటే ఆయన కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. ఆ తర్వాత పొద్దంతా అదే, కాఫీ తెచ్చిన శోభనకూ అదే, ఆప్పు, ఆప్పు, ఆప్పు.

ఆయన నవ్వు గురించి చెప్పాలి. అది లేకపోతే నేను లేను. అక్క పెళ్ళికి నేను మీసం మొలవని వాణ్ణి, ఇంట్లో ఎవరూ లెక్కచెయ్యనివాణ్ణి. పెళ్ళికొడుకు విడిదిలో దిగాడు, అరవం మాట్లాడే చుట్టాలు గుమ్మంలో నిలబడి ‘వాంగ మాప్పిళ్ళై, వాంగ’ అంటున్నారు, దయచేయండి అని. నగిరి మనిషికి అప్పుడు అరవం అంత రాదు. నేను ఆయన చెవి దగ్గరికి పోయి, వంగమంటా ఉండారు బావా, వంగు, అన్నాను. వంగాడు. తలపాగాతో, మెళ్ళో దండతో, పాపం నడుము దాకా వంగి దండం పెట్టాడు, గుమ్మం పొట్టిదనుకున్నాడో, అది వీళ్ళ ఆచారమనుకున్నాడో. వాళ్ళు బిత్తరపోయారు. మా నాయన చెయ్యెత్తాడు నా మీదికి. అప్పుడు బావ లేచి నిలబడి విషయం తెలుసుకొని నవ్వాడు చూడండి, దండ తెగి పూలు రాలేదాకా నవ్వాడు, నవ్వి నన్ను దగ్గరికి లాక్కొని, వీడు నాకు కావాల అన్నాడు. మా నాయన చెయ్యి దిగిపోయింది. ఆ రోజు నుంచీ నాకు ఒకటే పని, సరిగ్గా వినీ తప్పుగా విన్నట్టు చెయ్యడం. నా సరుకులో ముప్పావు ఆ ఒక్క కిటుకే. పట్టిమన్రం అనే అరవ వాదసభల్లో వేదిక మీద వాదించేటప్పుడైనా, పెళ్ళిపందిట్లో మైకు పట్టుకున్నా, అవతలివాడి మాటను నా చెవి సరిగ్గానే పట్టుకుంటుంది, నాలిక దాన్ని వంకర తిప్పి వదుల్తుంది, జనం నవ్వుతారు, నేను మాత్రం ఎప్పుడూ ముందు వరసలో బావ మొహమే చూస్తాను. అరవంవాళ్ళు ఇట్లాంటి హాస్యాన్ని కడి అంటారు, కరిచిందని. మనకు కడి అంటే అన్నం ముద్ద. నేనేమో ముద్ద పెడుతున్నాననే అనుకున్నాను ఇన్నేళ్ళూ.

ఆ క్షణం ఎట్లా ఉందంటే, ఇప్పుడు ఈ గోడ మీద పంటి చికిత్స ప్రకటన కనపడుతున్నంత బాగా కనపడుతున్నది, అందులో పిల్లవాడు నవ్వుతున్నాడు, వాడూ నవ్వుతున్నాడు. పానాకు ఇనుపగొట్టం తొడిగి పొడుగు చేసి రెండు చేతులా పట్టుకున్నాను. బావ ఆ ఉక్కు ముక్కను చక్రాల నడుమ పెట్టాడు. పెద్దచక్రం పక్క పళ్ళు పడ్డాయి, చిన్నదాని పక్క ఒక పన్ను పైకి నిలబడింది. ఆయన అలవాటు కొద్దీ, పోగు సర్దినట్టు, చూపుడువేలు లోపలికి పెట్టి గొలుసును ఒక వెంట్రుకవాసి జరిపాడు. జరుపుతూ, ఆపు, అన్నాడు. మెల్లగా అన్నాడు, నా మీద నమ్మకం ఉన్నవాడు అన్నట్టు. నేను విన్నాను. ఆయన వేలు లోపలుందని నాకు తెలుసు, నిలపాలని తెలుసు, అంతా తెలుసు. తెలిసిన మాట చేతుల దాకా పోవాలి కదా, దారిలో నాలిక అడ్డం నిలబడింది. ఆపు, ఆప్పు. అబ్బ, ఎంత నున్నగా, పొద్దుటి నుంచీ దానికోసమే కూర్చున్నట్టు, వరి మడిలోకి కొంగ దిగినట్టు దిగింది. ‘ఆప్పు బాగానే పడిందిలే బావా’ అన్నాను, విననట్టు. విననట్టులోనే ఉంది నట్టు. ఆ మాట అనేటప్పుడు నా చేతులు కూడా నా నాలిక మనుషులే అయ్యాయి. ఆప్పు పడిందని చెప్పినవాడు ఆగితే హాస్యం ఎట్లా పండుతుంది, చెవిటివాడి వేషం కట్టినవాడు చెవిటివాడిలాగే నడవాలి. లాగాను. కొంచెమే లాగుదామనుకున్నాను. పొడుగు గొట్టానికి కొంచెం అనేది ఉండదు. చక్రం అర పన్ను తిరిగింది, ఉక్కుముక్క వేలిని కరిచి, ఆ తర్వాత చక్రాన్ని కరిచింది. తాళం పడింది. టక్కుమని నట్టు వదిలింది. ఇది ఎవరికీ చెప్పలేను, దేవుడికి కూడా: ఆ టక్ వినగానే నాకు సంతోషమైంది. కన్ను ఆర్పినంత సేపు, అంతే, నట్టు వదిలిందనే సంతోషం. తర్వాత బావ మొహం చూశాను, నవ్విందా లేదా అని చూశాను, అలవాటు.

అరవలేదు ఆయన. నోరు గుండ్రంగా పెట్టి ఊదుకున్నాడు, అంతే. వేలు బయటికి రావాలంటే నేను పానా వెనక్కి తిప్పాలి, ఎటు వెనకో తెలియలేదు, జావా బండి కాబట్టి కాదు, నేనే జావగారిపోయాను. ఆయనే చెప్పాడు, ఇటు, ఇటు తిప్పు, అని. తిప్పాను. ఆటోలో తువ్వాలు గట్టిగా పట్టుకొని కూర్చొని, రైల్వే గేటు దగ్గర ఆటో నిలిచినప్పుడు నా వైపు తిరిగి, ఆపు అంటే ఆప్పు అని ఇన్యావు కదరా, అన్నాడు. అడిగాడా, చెప్పాడా, ఇచ్చాడా. నేను పట్టుకోవాల్సిన కొసలాగా అందించాడు ఆ మాటను. నేను పట్టుకున్నాను. ఇంతకంటే సిగ్గుమాలిన పని ఆ పూట పానా కూడా చెయ్యలేదు. అవును బావా అన్నాను. ఆయన మొహం కొంచెం తేటపడింది. అట్లయితే సరే, అన్నట్టు. అక్కడి నుంచి అది ఆయనది అయిపోయింది, ఆ చిన్న నవ్వు, నొప్పి వచ్చినప్పుడల్లా తీసి చూసుకుంటున్నాడు. ఆ నవ్వు దొంగసొత్తు అని నాకు తెలుసు. కొండ మీద మురుగయ్య చేతిలో ఈటె, వేల్, బావ చేతిలో వేలు, వద్దు, వద్దు, పోవే కుక్కా, ఈ చెప్పు కూడా తెచ్చావా.

తలుపు తెరుచుకుంది. డాక్టరు చిన్నవాడు, గ్లవుసులు విప్పుతూ అక్కతో అరవంలో మెల్లగా చెప్పాడు. వేలు నిలపడానికి చాలా చూశామనీ, పైకణుపు చితికిపోయిందనీ, ఉంచితే చీము పట్టి చేతికే ముప్పనీ, తీసేశామనీ. అక్కకు అన్నీ అర్థమయ్యాయి గానీ ఒక్కటే అడిగింది, గోరు మళ్ళీ మొలుస్తుందా సార్ అని. గోరు మొలిచే చోటే లేదమ్మా అన్నాడాయన. పోతూ పోతూ నన్ను చూసి, చెవిని వేలితో తాకి చిన్నగా నవ్వాడు, ఆ బామ్మర్ది నువ్వేనా అన్నట్టు. బొటనవేలికి ఎదురుగా ఆనుకోవడానికి ఏముంటుంది ఇక. రేపు అమ్మయ్యార్‌కుప్పంలో ఎవరింట్లోనో పడుగు అయిపోతుందట, పొద్దున ఇడ్లీ తింటూ చెప్పాడు.

బావ నడిచే వచ్చాడు. చెయ్యి గుండెకు ఎత్తి పట్టుకోమన్నారేమో, ప్రమాణం చేస్తున్నవాడిలాగా ఉన్నాడు. తెల్లటి కట్టు పెద్ద బొమ్మలాగా ఉంది, లోపల ఎంత లేదో తెలియదు. బెంచీ మీద నాకూ అక్కకూ నడుమ కూర్చున్నాడు. మత్తులో మాట కొంచెం ముద్దగా వస్తున్నది. ‘ఏమిరా ఏళుమలా, లోపల నీకు మంచి పేరొచ్చింది. ఆ డాక్టరు పిలగాడు మళ్ళా ఒకసారి చెప్పమని చెప్పించుకున్నాడు’ అన్నాడు.

చెప్పకుండా ఉండొచ్చు. ఉంటే అందరికీ బాగుంటుంది. ఆయనకు ఒక కథ, నాకు ఒక సరుకు, ఊరికి ఒక నవ్వు. ఆయన మొహంలో ఆ తేట చూస్తుంటే, రేపు పోగు పట్టుకోబోయి పట్టు తప్పినప్పుడు కూడా నా మాటే తలుచుకొని నవ్వుకుంటాడని తోచింది, తోచి ఓర్వలేకపోయాను. ఇది మంచితనమో, నా బరువు దించుకోవడమో, ఆ తేడా కనుక్కునేంత తీరిక నాలిక ఇవ్వలేదు. అది ఎప్పుడూ ఇవ్వదు.

‘నాకు తెలుగులోనే ఇనపడింది బావా.’

‘ఏంది?’

‘నువ్వు ఆపు అన్యావు. ఆపు అనే ఇన్యాను.’

అక్క సంచిలోంచి తీసిన పొడి తువ్వాలు మడత పెడుతున్నది, మడత సగంలో నిలిచిపోయింది. బావ నా నోటివైపు చూశాడు, ఇంకా ఏదో వస్తుంది, వంకర మలుపు ఒకటి వస్తుందని చూస్తున్నట్టు.

‘ఆప్పు పడిందిలే అంటివి కదరా.’

‘తమాషాకు అన్యాను.’

కట్టును ఎడమ చేత్తో సర్దుకున్నాడు. ‘సూది దిగినప్పుడంతా అదే చెప్పుకొని ఓర్చుకుంటిని రా లోపల’ అన్నాడు, నాతో కాదు, కట్టుతో. తర్వాత, ‘తెలిసి లాగినావా. యాలరా?’

‘నవ్వుతావనుకున్యా.’

‘నవ్వేదానికైనా టైము ఇయ్యాల కదరా’ అన్నాడు.

అనేసి మొహం అటు తిప్పుకొని, అక్కను నీళ్ళు అడిగాడు. ఆమె సీసా మూత తీసి ఇచ్చింది. ఎడమ చేత్తో తాగడం ఆయనకింకా చేతకాలేదు, సగం చొక్కా మీద ఒలికింది. మామూలుగా అయితే తుడవమని ఆ తువ్వాలు నా చేతికే ఇచ్చేది. అక్క తానే వంగి తుడిచింది, మెడా, గుండీలూ, కట్టు చుట్టుపక్కలా, నిదానంగా తుడుస్తూ ఉంది, నేను మోకాళ్ళు దగ్గరికి లాక్కొని ఆమె చేతికి అడ్డం లేకుండా జరిగి కూర్చున్నాను.